కళ్ళజోళ్ళాయన పార్సిల్

ఆ సుషీ కొట్టు నడిపే ఆవిడను వీధంతా అక్కయ్య అనే పిలుస్తుంది. ఆవిడకో గర్వం ఉంది. అలవాటుగా వచ్చేవాళ్ళెవర్నీ నోరు తెరిచి ఆర్డరు చెప్పనివ్వదు. మనిషి తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికే, గాజు పెట్టె వెనక చేపలు కోసే తమ్ముడికి కేక వేసేస్తుంది. ఫోనయితే గొంతు విన్న మరుక్షణం "తెలుసండీ, పావుగంటలో రండి" అని పెట్టేస్తుంది. ఎవరికైనా ఓ రోజు వేరేది తినాలనిపిస్తే ఎలాగక్కా అని తమ్ముడు ఒకసారి అడిగాడు. "వాళ్ళ నాలుక సంగతి వాళ్ళకంటే నాకే బాగా తెలుసు" అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆవిడతో వాదన ఎందుకని ఆ మంచివాడు కత్తి తుడుచుకుంటూ ఊరుకున్నాడు. ఊరుకోకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం కొట్టు కిటకిటలాడుతోంది. ఎత్తు కుర్చీలన్నీ నిండిపోయాయి. మూల బల్ల దగ్గర కొత్త జంట ఒకటి ముక్కు మండించే వసాబీ కారం ఎవరెక్కువ తింటారో పందెం వేసుకుని, ఇద్దరూ ఓడిపోయి కళ్ళు తుడుచుకుంటున్నారు. అక్కయ్య వాళ్ళకు నీళ్ళిస్తూ, పార్సిల్ సంచుల మూతులు మడుస్తూ బొంగరంలా తిరుగుతోంది.

"అన్నట్టు, కళ్ళజోళ్ళాయన పార్సిల్ పట్టుకెళ్ళాడు" అన్నాడు తమ్ముడు తలెత్తకుండా. "పిల్లలు తినడానికి వాడే పుల్లలు కూడా అడిగితే ఇచ్చాను. జారకుండా రెండూ పైన కలిపి అతికించి ఉంటాయే, అవి."

అక్కయ్య ఆగిపోయింది. "పిల్లల పుల్లలా? ఎందుకట?"

"పాప కోసమే అయ్యుంటుంది. వాళ్ళావిడ ఊళ్ళో లేదట. పిల్ల ఒక్కతే ఉందని పరుగెత్తాడు."

ఆ మాటతో అక్కయ్య చేతిలోని సంచి బల్ల మీద పడేసింది.

కళ్ళజోళ్ళాయన అంటే వీధి చివర కళ్ళద్దాల షాపు యజమాని. ఆయనకు రొయ్యలంటే ప్రాణం. ఆయన కూతురికి రొయ్యలే ప్రాణగండం. రొయ్య నాలుకకు తగిలితే చాలు, గొంతు వాచి ఊపిరాడదు. ఒకసారి ఆస్పత్రిదాకా వెళ్ళి, ఉంటుందో పోతుందో అన్నట్టు అయ్యి బయటపడింది. అందుకే వాళ్ళావిడ ఇంటికి పార్సిల్ తీసుకెళ్ళే రోజున తమ్ముడు పలకను, కత్తిని వేడినీళ్ళతో కడిగి, చేతి తొడుగులు మార్చి మరీ చుడతాడు. అక్క చెప్పిందని చేయడమే తప్ప, కారణం అతనికి తెలియదు. ఆయన మాత్రం షాపు మధ్యలో వదిలేసి ఒక్కడే వస్తాడు. రొయ్యల రోల్ తింటాడు, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటాడు, జేబులోంచి బ్రష్ తీసి పళ్ళు తోముకుని వెళతాడు. ఈ దొంగతనమంతా కూతురి కోసమే. తనొక్కదానికే ఈ శాపమేమిటని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేక, "నాకూ పడవమ్మా, తింటే నాకూ ఊపిరాడదు" అని ఎప్పుడో చెప్పేశాడు. ఇక ఆ అబద్ధాన్ని మోయక తప్పలేదు. పొరపాటున కూడా నోరు జారొద్దని అక్కయ్యను బతిమాలుకున్నాడు.

ఇందాక ఫోన్లో ఆయన "ఇవాళ మా..." అంటూ ఏదో చెప్పబోయాడు. ఆవిడ తెలుసండీ అని పెట్టేసి, ఎప్పటి రొయ్యల రోలే అని తమ్ముడికి కేక వేసింది. తమ్ముడు రొయ్యను సన్నగా తరిగి, అన్నంలో చుట్టి, పైన నువ్వులద్ది, ఆయన అడిగినట్టు పార్సిల్ కట్టి ఇచ్చాడు. చూస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

అక్కయ్య ఆయనకు ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజే. ఎవరితో మాట్లాడుతున్నాడీ మనిషి, పిల్లకు అన్నం పెట్టకుండా? పెట్టకపోతే అంతకంటే అదృష్టం లేదు. పెట్టేసి ఉంటే?

"నువ్వు చేస్తూనే ఉండు. ఎత్తితే పాపను తినొద్దని చెప్పు" అని ఫోన్ తమ్ముడి చేతిలో పెట్టి, ఏప్రన్‌తోనే రోడ్డు మీద పడింది. వెనక ఎవరో బిల్లు అంటున్నారు. వినిపించుకోలేదు.

ఆ ఇల్లు ఆవిడకు తెలుసు. కళ్ళద్దాల షాపు వెనక భవనం, మూడో అంతస్తు. లిఫ్ట్ ఎక్కడో పైన ఆగిపోయి ఉంది. బొత్తాం నొక్కి నొక్కి, ఇక ఆగలేక మెట్లెక్కింది. మోకాళ్ళ నొప్పి గుర్తుకు రాలేదు. దేవుడా, నన్ను ఎలాగైనా శిక్షించు, ఆ పిల్ల జోలికి మాత్రం పోకు అనుకుంది. కొట్టు మూసేస్తానని కూడా మొక్కుకుంది. రెండో అంతస్తు దగ్గర ఊపిరి అందక గోడ పట్టుకుంది. ఊపిరాడకపోవడమంటే ఇలాగే ఉంటుందా అనిపించి ఏడుపొచ్చింది.

తలుపు దబదబా బాదింది.

తీసింది పాపే. నిలబడి ఉంది. మొహమంతా కన్నీళ్ళు, కానీ పెదాలు వాచలేదు. అక్కయ్య రెండు చేతులతో ఆ మొహం పట్టుకుని చూసింది. "తిన్నావా తల్లీ?"

"నేను తినలేదు. నాన్న తిన్నాడు."

కళ్ళజోళ్ళాయన సోఫాకు చేరబడి నేల మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయింది, చేతులు గజగజలాడుతున్నాయి. పక్కన, పాపకు ప్రమాదం వస్తే వెంటనే గుచ్చడానికి ఇంట్లో ఉంచుకున్న ఇంజెక్షన్ పెన్ను వాడేసి పడి ఉంది.

"బయటి తిండి ముందు నాన్నే రుచి చూడాలి, అది అమ్మ రూలు" అంది పాప ఎక్కిళ్ళ మధ్య. "నోట్లో పెట్టుకుని, రొయ్యలున్నాయి, ముట్టుకోకు అన్నాడు. నాన్నకి కూడా పడవు కదా. అందుకని నా ఇంజెక్షన్ తెచ్చి తొడలో గుచ్చేశాను. వద్దు వద్దన్నాడు. భయపడుతున్నాడనుకున్నాను. అంబులెన్స్‌కి కూడా ఫోన్ చేశాను."

అక్కయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల బతికే ఉంది. తన తప్పు మాత్రం అక్కడ నేల మీద కూర్చుని వణుకుతోంది.

"ఏం కాదమ్మా" అన్నాడాయన.

"నాకు ఊపిరాడనప్పుడు కూడా నువ్వు అలానే అన్నావు." పాప తండ్రి మణికట్టు పట్టుకుంది. "గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో చూడు. ఆంటీ, మా నాన్న చచ్చిపోతాడా?"

మందు సమయానికి పడింది, నువ్వే కాపాడావమ్మా. ఆ ఒక్క మాట అంటే చాలు, పిల్ల కుదుటపడుతుంది, ఆయన గుట్టూ నిలుస్తుంది. మాట అక్కయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కాసేపట్లో డాక్టర్లు వస్తారు, ఏం పడదని అడుగుతారు, అబద్ధం చెబితే వైద్యమే తప్పుతుంది. అక్కయ్య ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు.

"నేను చావను" అన్నాడు. "నాకు రొయ్యలు పడతాయమ్మా. అక్కయ్య కొట్లో తింటూనే ఉన్నాను. ఈ వణుకు నువ్విచ్చిన మందుకే. డాక్టర్లు చూస్తారు, తగ్గిపోతుంది."

"నిజంగా ఏం కాదా?"

"కాదు."

పాప గట్టిగా ఊపిరి వదిలింది. భయం దిగిపోవడం ఆ భుజాల్లో కనిపించింది. తర్వాత మెల్లగా ఆ మాటలో మిగతాది కూడా అర్థమైంది.

"అయితే మనింట్లో పడనిది నాకొక్కదానికేనా?"

కింద వీధిలో అంబులెన్స్ మోత దగ్గరవుతోంది. పాప మొహం తిప్పేసుకుంది కానీ, పట్టుకున్న మణికట్టు మాత్రం వదల్లేదు.