కొంగులో తప్పిన చారలు

కళ్లజోడు పగిలిన వారంలో పానకాలు నేసిన చీరకు కొంగులో జరీ చారలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా పడ్డాయి. "ఇంకొక్కటి చెడగొట్టావంటే నేయడానికి నూలివ్వను" అని హెచ్చరించి, ఆ చీరను తక్కువకు అమ్మేశాడు మంగళగిరి షావుకారు అశోక్.

నెల తిరగకుండానే ఆయన ఫోన్ పట్టుకుని మగ్గం దగ్గరికొచ్చాడు. ఫోన్లో, మాల్దీవుల రిసార్టు దగ్గర సముద్రపు నీళ్లలో నిలబడి ఓ హీరోయిన్ అదే చీర కట్టుకుని నవ్వుతోంది.

"సముద్రంలో ఈతకి చీరేంటండీ ఈవిడకి?" అన్నాడు పానకాలు.

"అదంతా నీకెందుకయ్యా? అందరూ ఆ చారలే అడుగుతున్నారు. నలభై చీరలు కావాలి."

"అప్పుడెట్టా నేశానో నాకే తెలీదండీ."

"అయితే ఈ పని పక్క మగ్గం బుల్లయ్యకిచ్చేస్తా."

పానకాలు కొత్త కళ్లజోడు తీసి భార్య మాణిక్యమ్మ చేతిలో పెట్టి, మగ్గం గుంటలోకి దిగాడు.