రోము రాణి నా సవితి

మా ఆయన మాల్యాద్రికి నేను రెండో పెళ్ళాన్ని. మొదటామె రోశమ్మ కాన్పులో పోయింది. పోయినామె కొత్తామెను పీడించకుండా ఆమె బొమ్మున్న సవితి బిళ్ళ మెడలో కట్టుకోవాల గదా! మా పెళ్ళికి ముందు చేలో బావి తవ్వతా ఉంటే ఆడమనిషి మొహమున్న పాత వెండికాసు దొరికిందంట. "అచ్చం రోశమ్మే, ఆ కొప్పు చూడు!" అని దానికే కొక్కెం పెట్టించి నా మెడలో ఏసినాడు.

చీర కొన్నా ముందు దానికే చూపించాల, పాయసం చేసినా ముందు దానికే. "వండేది నేను, మెక్కేది నువ్వు" అని రోజూ తిట్టేదాన్ని. అయినా మొగుడి మీద చాడీలు చెప్పుకోడానికి అది తప్ప నాకింకెవురుండారు?

ఉదయగిరి సంతలో ఒకాయన నా మెడకల్లే చూస్తా వెంటపడినాడు.

"ఏంది సారూ, నీకు అక్కచెల్లెళ్ళు లేరా?"

"నిన్ను కాదమ్మా, కాసును చూస్తా ఉండాను."

ఆ మాటకు ఇంకా మండింది. ఆయన ఆత్మకూరు బళ్ళో పాఠాలు చెప్పే అయ్యవారు రామనారాయణ. రోము దేశపు పాత వెండికాసులు కూడబెట్టే పిచ్చిలో పెళ్ళే మర్చిపోయినాడంట. మా ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూసి ఎగిరి గంతేసినాడు.

"ఈమె రోము రాణి! ఎన్ని ఊళ్ళు తిరిగినా ఈ కాసు దొరకలేదమ్మా. ఇస్తే బదులుగా బంగారు బిళ్ళ చేయిస్తా."

సవితి పీడ వదిలె, బంగారం వచ్చె! ఇన్నాళ్ళూ ఎవురో రాణికి పాయసం పెట్టినానా అని నవ్వుకుంటా తాడు విప్పబోయినాను. "ఈమె మొగుడెట్టాంటోడు?" అని ఊరకే అడిగినాను.

"ఈమె పోయినాక మళ్ళీ పెళ్ళాడలేదమ్మా. జనం మరవకుండా ఆమె మొహంతో కాసులు కొట్టించినాడు."

మా ఆయన్ని ఉరిమి చూసినాను. "విన్నావా? మొగుడంటే వాడు!"

ఆయన తలొంచుకున్నాడు. "ఇచ్చెయ్ పెంచలా. నిజానికి రోశమ్మ మొహం నాకు గుర్తే లేదు. ఒక ఫోటో అయినా తీయించలా. ఈ కాసు మొహమే ఇప్పుడు నాకు రోశమ్మ."

నా చెయ్యి ఆగిపోయింది. కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చినాయి. ఇది పోతే రోశమ్మకు భూమ్మీద మొహమే లేదు. రేపు నేను పోయినా నా గతీ అంతే.

"ఇయ్యను పో సారూ!"

పాపం, అయ్యవారి మొహం వాడిపోయింది. కాసు మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్దుకుంటానంటే సరేనన్నాను. బొమ్మ దిగినాక కాయితాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకొని పోయినాడు.

మర్నాడే మా ఆయన్ని బస్సెక్కించి ఆత్మకూరులో ఫోటోలు తీసేవాడి దగ్గిరికి లాక్కపోయినాను. నన్నొక్కదాన్నే తియ్యమన్నాను. వాడు కదలొద్దన్నాడు. నేను కదిలినాను. పైటలో దాగిన బిళ్ళను బయటికి తీసి సర్దినాను.

"అక్కా, సరిగ్గా చూడు" అన్నాను.