నాన్‌జింగ్ గోడకు ఇరువైపులా

కేసముద్రం మార్కెట్ యార్డు ఎదుట, విద్యాసాగర్ భవనంలోని ఒక గదిలో నేను గ్రంథాలయం నడుపుతున్నాను. గది అతనిది, పుస్తకాలూ క్రమశిక్షణా నావి. ఈ ఏడాది కొన్నవాటిలో జంటగా వచ్చిన రెండు బొమ్మల నవలలు ఉన్నాయి. చైనాలో నూట డెబ్బై ఏళ్ల కిందట జరిగిన తైపింగ్ యుద్ధమే రెండింటి కథ. భూమి అందరికీ సమానమంటూ, జుట్టు పెంచుకొని చక్రవర్తిపై తిరగబడిన సైన్యంలో చేరిన స్త్రీ ఎర్ర అట్ట పుస్తకానికి నాయిక. ఆ తిరుగుబాటుదారులు తన ఊరిని తగలబెట్టగా చక్రవర్తి పక్షాన కత్తి పట్టిన భూస్వామి కొడుకు నీలి అట్ట పుస్తకానికి నాయకుడు. చివరి పుటలో ఇద్దరూ నాన్‌జింగ్ నగరపు గోడ దగ్గర ఎదురుపడతారు. ఎర్ర పుస్తకంలో ఆ సైనికునికి ముఖం గీయలేదు. నీలి పుస్తకంలో ఆమెకు గీయలేదు.

మనిషికి ఒకసారి ఒక్క పుస్తకమే ఇస్తాను. ఎర్రది యమునకు, నీలిది మిథున్‌కు దక్కింది. యమున మార్కెట్లో బస్తాలు మోసే ఐలేశ్ కూతురు. మిథున్ విద్యాసాగర్ కొడుకు, ఒకప్పటి భూస్వామి మనుమడు. ఇద్దరూ పదో తరగతి.

వారం తిరగకముందే గొడవ వచ్చింది.

“గా జుట్టు పెంచుకున్నోళ్లు ఒట్టి దొంగలు. ఊర్లకూర్లు కాలవెట్టిన్రు,” అన్నాడు మిథున్.

“కడుపు కాలితె తెలుస్తది. నీ అట్ట మీది సిపాయి అచ్చం గా గోడ మీది మీ తాత ఫోటో లెక్కనే ఉన్నడు. మీసాలొక్కటే తక్కువ,” అంది యమున.

గది అంతా నవ్వింది. “మా గదిల కూసోని మా తాతనే అంటవా?” అని మిథున్ అరిచాడు. యమున అంతకన్నా గట్టిగా అరిచింది.

సాయంత్రం విద్యాసాగర్ వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పటికీ నా ఎదుట కూర్చోడు.

“టీచర్, ఆ పిల్లను రేపటి సంది రానియ్యకున్రి.”

“అరిచింది ఇద్దరు. శిక్ష ఒకరికేనా?”

“మిథున్ ఇంటోడు గద టీచర్.”

“న్యాయానికి ఇంటివాడని, బయటివాడని ఉండదు. విచారణ ముందు, తీర్పు తరువాత. ఆదివారం ఇద్దరూ పెద్దల ఎదుట కథ చెబుతారు. అప్పటిదాకా ఆమె వస్తుంది.”

అతడు తల వంచుకొని, “ఆదివారం దాకనే,” అని వెళ్లిపోయాడు.

యమునకు బొమ్మలు గీయడం ప్రాణం. ఇరుకింట్లో ఆమె కాగితం పరచుకునే చోటు కూడా లేదు. ఈ గది తలుపు మూసుకుంటే ఆ చేతి పని అక్కడితో ఆగిపోతుంది. అది తెలిసీ నేను కరుణ చూపమని అడగలేదు. ఆమెకు రావలసింది కరుణ కాదు.

మరునాడు ఎర్ర పుస్తకం మిథున్‌కు, నీలిది యమునకు మార్చి ఇచ్చాను.

“దొంగల కథ నేను చెప్పాల్నా?” అని మిథున్ మూతి ముడిచాడు.

“చెప్పాలి. నువ్వింకా ఆమె ముఖం చూడలేదు.”

ఆదివారం యమున డ్రాయింగ్ షీట్లను ఒకదానికొకటి అతికించి, రెండు కర్రలకు చుట్టి తెచ్చింది. రెండు కథల బొమ్మలూ ఆమే గీసింది. బొమ్మల చుట్ట విప్పుతూ కథ చెప్పే పటం కథలవాళ్లు జనగామ వైపు నుంచి మా ఊళ్లకు అలాగే వచ్చేవారు. కులానికొక కథ, కథకొక పటం. తమ కథ చెప్పినవారిని ఆ కులంవాళ్లు ఉత్త చేతులతో పంపరు. వారిని గడప బయట నిలబెట్టరు.

మొదట మిథున్ చెప్పాడు. నిర్లక్ష్యంగానే మొదలుపెట్టాడు. ఆ స్త్రీ ఆకలికి బిడ్డను పోగొట్టుకొని, జుట్టు విప్పుకొని సైన్యంలోకి నడిచే బొమ్మ దగ్గర అతని గొంతు తగ్గింది. తలుపు దగ్గర నిలబడిన ఐలేశ్ చేతులు కట్టుకొని వింటున్నాడు.

తరువాత యమున పటాన్ని రెండో కథ దాకా విప్పింది. ముందు వరుస కుర్చీలో విద్యాసాగర్ తల్లి కూర్చుంది.

“అవ్వా, గీ పిలగాడు ఎవల్నీ సంపుతందుకు పుట్టలే. ఇల్లు కాలినంక బూడిదల వాళ్లమ్మ గాజులు ఏరుకున్నడు. గా గాజుముక్కలు జేబుల పెట్టుకొనే కత్తి పట్టిండు.”

ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నా సిన్నప్పుడు మా ఇల్లు గూడ గిట్లనే కాలింది బిడ్డా. గిది మా కథనే,” అంది. కథ ముగియగానే పనిమనిషిని పంపి, చేటలో బియ్యం, కొత్త బట్ట తెప్పించి పటం ముందు పెట్టించింది.

“అమ్మా, గిది మన పటం కథ గాదే! చైనాది!” అన్నాడు విద్యాసాగర్. జనం గొల్లుమన్నారు.

“చైనా అయితేంది, చింతకాయైతేంది? మా కథ చెప్పింది. ఇగ మన గడప తొక్కొద్దనే హక్కు నీకు లేదురా.”

నవ్వు ఆగిపోయింది. విద్యాసాగర్ నా వైపు చూశాడు. నేను అతని తల్లి వైపు చూశాను. ఆఖరికి అతడే వంగి, చేటను ఎత్తి యమున చేతుల్లో పెట్టాడు.

“రేపు పొద్దుగాల్నే రా బిడ్డా. నిన్ను ఎవ్వరాపరు.”

యమున చేటను పట్టుకొని అలాగే నిలబడింది. “మరి మిథున్ మా కథ చెప్పిండు గదా సార్. ఆయన్ను ఉత్తగ ఎట్ల పంపుతం?”

ఐలేశ్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఎదుటి దుకాణంలో కొత్త తువ్వాల కొనుక్కొని వచ్చి, మడత విప్పి, భూస్వామి మనుమడి భుజాలపై కప్పాడు. మిథున్ రెండు చేతులా దాన్ని దగ్గరకు లాక్కొని, “ఇగ మీ గడప నాదే కాకా,” అన్నాడు.

“ఇరుకుంటది. వంగి రావాలె,” అన్నాడు ఐలేశ్.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఒక తరగతి ముందు అంత నిటారుగా నేనెప్పుడూ నిలబడలేదు. పటం చివరి బొమ్మ ఇంకా చుట్టలోనే ఉంటే విప్పమన్నాను. నాన్‌జింగ్ గోడ, గోడకు ఇటు ఆమె, అటు అతడు. యమున ఇద్దరికీ ముఖాలు గీసింది.