గుండెల మీద అడ్డంగా చేతులు

భార్య ఆర్డిత్ పోయాక హార్లన్ ఇంట్లోనే కూర్చుంటే పాడైపోతాడని, సెయింట్ బార్నబాస్ చర్చి వాకిట్లో కొత్తవాళ్లను పలకరించే పని అతని నెత్తిన పెట్టింది గురువు కోరిన్. పెళ్లాం పోయినవాడికి పలకరింపులు ఎక్కడినుంచి వస్తాయని ఎవరూ అడగలేదు. మూడేళ్లుగా అతను నవ్వకుండానే ఆ పని చేస్తున్నాడు.

ఆరాధనలో ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పంచుతారు; దాని గురించి చెప్పవలసిన మాట ఒక్కటే. "రొట్టె కావాలంటే అరచేతులు చాపండి. వద్దనుకుంటే చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి, దీవించి పంపుతారు."

ఎవరైనా రావచ్చని గుమ్మం పక్కన బోర్డు ఉంది. వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో చెప్పడం హార్లన్ వంతు.

ఆ ఆదివారం వాన. ఇద్దరు మగవాళ్లు ఒకే గొడుగు కింద వచ్చారు. ఒకడు వేడ్, ఊళ్లో మేకులూ రంగులూ అమ్మే కొట్లో పనిచేసేవాడు. రెండోవాడిది రుమేనియా యాస.

"మా ఆయన, సొరిన్," అన్నాడు వేడ్. "నాతో ఉంటున్నాడని వాళ్ల ఆర్థడాక్స్ ఫాదర్ రొట్టె ఇవ్వనన్నాడు. పదకొండేళ్లయింది. ఇవాళ తీసుకుంటానని పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"మా దగ్గర కడుపు మాడ్చుకోనక్కర్లేదు."

"చెప్పాను. వింటేగా."

సొరిన్ నవ్వాడు. హార్లన్ నవ్వలేదు. ఆరాధన క్రమం ఉన్న చిన్న పుస్తకం చేతిలో పెట్టి, "అన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు. చేతుల సంగతి తొమ్మిదో పేజీలో ఉంది.

రొట్టె పంచే వేళకు సొరిన్ వెళ్లి ప్రభువు బల్ల ముందరి కొయ్య కమ్మీ దగ్గర మోకరించాడు. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని తల వంచాడు. కోరిన్ అతని తల మీద చెయ్యి ఉంచి దీవించింది. పక్కనున్న వేడ్ అరచేతిలో రొట్టె పెట్టి ముందుకు సాగిపోయింది. ద్రాక్షారసం గిన్నె కూడా సొరిన్‌ని దాటిపోయింది. వేడ్ ఇంకా తల వంచుకునే ఉన్నాడు. సొరిన్ లేచి, గోడ వారగా నడిచి వాకిట్లోకి వచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాడు హార్లన్.

"ఇంటికి సార్. అక్కడ ఇవ్వం అని ముఖాన చెప్పారు. ఇక్కడ తల నిమిరి చెప్పారు."

"చేతులు అలా ఎందుకు పెట్టావు?"

"రొట్టె తీసుకునేవాడు మరెలా పెడతాడు? మా చర్చిలో చిన్నప్పటినుంచీ అంతే."

"ఇక్కడ అలా పెడితే వద్దని అర్థం."

సొరిన్ తన చేతులకేసి చూసుకున్నాడు. "ఎవరూ చెప్పలేదే."

"చెప్పవలసినవాణ్ణి నేనే. కావాలనే చెప్పలేదు."

"మేం ఇద్దరం మగవాళ్లమనా?"

"మీరు ఇద్దరని. ఒక గొడుగు కింద ఇద్దరు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆడా మగా అయినా అంతే."

"అయితే మీ బోర్డు నిజమే," అన్నాడు సొరిన్. "అందరికీ ఒకటే మర్యాద."

హార్లన్ అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుని, పాట సాగుతుండగానే నడిమి దారిన లాక్కుపోయాడు. కోరిన్ అప్పటికే గిన్నె తుడుస్తోంది. పళ్లెంలో ఒక ముక్క మిగిలి ఉంది.

"మదర్, ఇతనికి కావాలి. తప్పు నాది."

సొరిన్ మోకరించాడు. చేతులు వాటంతటవే గుండెల మీదికి పోయాయి. వాటిని విడదియ్యబోయాడు హార్లన్.

"వదిలెయ్యి," అంది కోరిన్. "నోరు తెరువు బాబూ."

సొరిన్ నోరు తెరిచాడు. హార్లన్ వాకిట్లోకి వెళ్లి, ఇళ్లకు వెళ్లేవాళ్ల కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.