కురిడీకాయలో భూగోళం

ఎర్రయ్యకి మాట తక్కువ. కొబ్బరికాయలు ఒలవడానికి ఏ తోటకి వెళ్లినా, గునపం నేలలో పాతిన దగ్గర్నుంచి కాయల గుట్ట కరిగేదాకా నోరు విప్పడు. అటువంటి మనిషి ఆ వేసవిలో కోడలి చదువు గురించి మామిడికుదురులో ఎవరడిగినా ఆగి మరీ చెప్పేవాడు.

కోడలు జాయ్ అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకి వండిపెట్టడం, ముక్కులు తుడవడం, గది ఊడవడం ఆమె పని. అక్కడి టీచరు పద్మావతిగారు ఈ ఏడు రిటైరవుతున్నారు. పదో తరగతి ప్యాసైతే ఆ ఉద్యోగానికి జాయ్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓపెన్ స్కూల్లో కట్టి మిగతావన్నీ గట్టెక్కింది గానీ, సోషల్ రెండుసార్లు పోయింది. అందులోనూ దెబ్బకొట్టేది భూగోళమే. ఈసారీ పోతే ఆ కుర్చీలోకి ఇంకెవరో వస్తారు. అది మళ్లీ ఖాళీ అయ్యేసరికి జాయ్ తల నెరుస్తుంది.

పోయినసారి ఏం రాసిందో ఆమే దాపరికం లేకుండా చెప్పింది.

"భూమి లోపల ఏమేం పొరలుంటాయో రాయమన్నారండి. రెండు బారలు తవ్వితే నీళ్లు, ఇంకా తవ్వితే ఉప్పునీళ్లు, బాగా లోతుకెళ్తే గ్యాసు అని రాసేనండి."

"నిజవే కదమ్మా?" అన్నాడు ఎర్రయ్య.

"మనూరికి నిజవేనండి. వాళ్లడిగింది భూమండలం సంగతి."

ఈసారి జాయ్ పట్టు పట్టింది. ఒకరోజు పొద్దున్న ఎర్రయ్య అటకమీది కురిడీలు దింపుకుని అరుగు పక్కన ఒలుస్తున్నాడు. నెలల తరబడి అటకమీద ఎండిన కాయల్లో నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా తయారవుతుంది. ఊపితే లోపల గుడగుడలాడుతుంది. జాయ్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని "భూపటలం, భూప్రావారం, కేంద్రమండలం" అని వల్లె వేస్తోంది. మూడోది వచ్చేసరికి మొదటిది పోతోంది.

"పొయ్యిమీద అన్నం మాడినా దానికి తెలీదు. కేంద్రమండలం తింటామేంటి?" అని లోపల్నుంచి అత్త ఎలీసమ్మ సాధిస్తోంది.

జాయ్ చదవడం ఆపింది. మామగారు ఊపి చూస్తున్న కాయవంక అలాగే చూసింది.

"ఓసారి అదిలా ఇవ్వండి మామయ్యగారూ."

చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్లీ ఊపింది. మొహం వెలిగిపోయింది.

"మొత్తం ఇందులోనే ఉందండి!"

"ఏవుంది? పురుగా?"

"భూమండి. ఈ పైన పల్చటి తొక్క ఉందా, ఇదే మనం నడిచే పటలం. పీచంతా ప్రావారం. చిప్ప దాటితే కేంద్రమండలం. అందులో మధ్యనున్నది గట్టి గుండు, దాని చుట్టూ కరిగిన ఇనుము."

"కురిడీలో నీళ్లుండవు కదమ్మా."

"ఇందులో ఇంకిపోయాయండి. భూమిలో ఇంకా ఇంకలేదు. అంతే తేడా!"

ఎర్రయ్య ఇంకో కాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఒలుస్తున్నాడు. వీటిలో నూనె కనబడింది, కూర కనబడింది, కూలి కనబడింది. భూమి ఎన్నడూ కనబడలేదు. అది చూడ్డానికి వేరే కళ్లుండాలి, ఈ పిల్లకి ఉన్నాయి అనుకున్నాడు. పైకి మాత్రం "ఆయ్" అన్నాడంతే. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర పని ఎలీసమ్మకి అప్పజెప్పి, తను పక్కన కూచుని కూరలు తరిగిపెట్టేవాడు. ఎలీసమ్మ నోరు నొక్కుకుంది గానీ మరి సాధించలేదు.

రాజోలులో పరీక్ష రాసి ఇంటికొచ్చిన జాయ్ గుమ్మంలోనే కూలబడింది.

"పొరలే ఇచ్చేరండి. బొమ్మ కూడా వెయ్యమన్నారు."

"మరింకేం?"

"పేర్లన్నీ సరిగ్గానే రాసేను. తొందర్లో భూమిని కోలగా గీసేసేనండి. పైన కాయకున్నట్టు ముచ్చిక కూడా పెట్టేసేను! చెరుపుదామనేసరికి బెల్లు కొట్టేసి కాయితం లాగేసుకున్నారు."

ఎలీసమ్మ పకపకా నవ్వింది. ఎర్రయ్యకి నవ్వు రాలేదు. దిద్దేవాళ్లు ఏ మెట్ట ఊరివాళ్లో, కాయ సంగతి వాళ్లకేం తెలుస్తుంది అని బెంగపడ్డాడు. జాయ్ మాత్రం మర్నాడు మామూలుగానే అంగన్‌వాడీ సెంటరుకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

రిజల్టు వచ్చిన రోజున ఆమె సెంటర్లోనే ఉంది. ఆమె మొగుడు సుధీర్ ఆటో స్టాండులో ఫోనులో చూసి ఇంటికి ఫోను చేశాడు. ఎర్రయ్య కండువా కూడా వేసుకోకుండా బయల్దేరి, సెంటరు గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడ్డాడు. లోపల పిల్లలు బారుగా కూచున్నారు. జాయ్ గుడ్లు వడ్డిస్తోంది. ఆయన్ని చూడగానే ఎందుకొచ్చాడో ఆమెకి అర్థమైంది.

"ఇప్పుడే చెప్పకండి మామయ్యగారూ. మంచైనా చెడైనా నా చెయ్యి ఆగిపోద్ది. పిల్లల్ని తిననివ్వండి."

ఎర్రయ్య నోరు మూసుకున్నాడు. ఊరంతా అరిచి చెప్పాలని ఉంది. అయినా మూసుకున్నాడు. జాయ్ ఒక్కో కంచంలో గుడ్డు పెట్టి, చిన్నవాళ్లకి చిదిపి, ఏడుస్తున్నదాన్ని ఒళ్లో కూచోబెట్టుకుని తినిపించింది. వాళ్ల మూతులు కడిగి తన చేతులు కడుక్కుంది. అప్పుడొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి."

"పాసయ్యేవమ్మా."

కుర్చీలో ఉన్న పద్మావతిగారు చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టారని పిల్లలూ కొట్టారు. జాయ్ కొంగుతో కళ్లొత్తుకుని, "సోషల్లో ఎన్నండి?" అంది.

ఎర్రయ్య తెల్లబోయాడు.

"అది అడగలేదమ్మా. పాసని వాడనగానే వచ్చేసేను."