నాలుగో అంతస్తు తూర్పు గోడ

శాంతయ్య తాత గోడ పగులులో చూపుడువేలు పెట్టాడు. వేలు సగం దాకా దిగింది. నేను తాపీ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నా కళ్లతో చూశాను.

"సామీ, పునాది రెండంతస్తులకే తీసినాం. మూడోది ఎక్కినాకనే గోడ వాలింది. ఇప్పుడు నాలుగోది లేస్తాండాది. ఇంక ఐదోది వద్దు సామీ. ఇది కూలితే తూర్పుకే కూలుతాది. తూర్పున మా పల్లె ఉండాది" అన్నాడు తాత.

మేడ కట్టిస్తున్న చెన్నకేశవరెడ్డి పగులు వైపు చూశాడు. తర్వాత చేతికర్ర ఎత్తి అరవై ఏళ్ల మేస్త్రిని చెంప మీద కొట్టాడు. జారిపడిన తలపాగా కోసం ముసలాయన వంగితే వీపు మీద ఇంకోటి వేశాడు. "కనపడకుండా సున్నం పుయ్యండ్రా" అని దిగిపోయాడు.

మేము పూశాం. నలభై మంది మగవాళ్లం, ఒక్కడూ నోరు మెదపలేదు. సున్నం పూసిన చేతుల్లో నావీ ఉన్నాయి. నా పేరు గాబ్రియేలు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. చదువుకునే పిల్లలూ, కూలి చేసుకునే అన్నలూ వినాలి కాబట్టి చెబుతున్నాను.

అది పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరం. మైదుకూరు రోడ్డు పక్క మా ఊళ్లో రెడ్డి తన ఐదుగురు కొడుకులకు ఐదు అంతస్తుల మేడ లేపుతున్నాడు. కడప నుంచి కర్నూలు దాకా అంత ఎత్తు ఇల్లు లేదని వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు. పైన నిలబడితే ఎర్రగుంట్ల రైలు పొగ కనపడాలట. మా గుడిసెలు మాత్రం కనపడకూడదట! అందుకే తూర్పు గోడకు ఒక్క కిటికీ కూడా పెట్టనివ్వలేదు. ఆ గుడ్డి గోడ కింద మా నలభై ఇళ్ల క్రైస్తవ పల్లె పడుకుని లేచేది.

తాతకు దెబ్బలు పడిన మరునాడు మగవాళ్లం పని ఆపాం. శానా పెద్ద పని చేశామనుకున్నాం. రెడ్డి నవ్వి బద్వేలు నుంచి మేస్త్రీలను దించాడు. వాళ్లకు పగులు సంగతి ఎవరూ చెప్పలేదు, దాన్ని మా సున్నమే కప్పేసింది. తొమ్మిది రోజుల్లో నాలుగో అంతస్తు గోడలు పూర్తయ్యాయి, దూలాలు కూడా ఎక్కాయి. మేము ఇళ్లలో కూర్చుని చూస్తూ ఉండిపోయాం.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలోనే కూర్చున్నాం. ఆరాధన నడిపే ఉపదేశి ఏసురాజు లేచాడు.

"రెడ్డి మన గుడికి గంట ఇచ్చినాడు. ఆయనతో పగ వద్దు. ప్రార్థన చేద్దాం."

"గోడ మన మీద పడినాక ఆ గంట ఎవరికి కొడ్తావప్పా?" అని అరిచాను నేను.

"పని ఆపి ఏం పీకినారు మీరు?" అని ఆడవాళ్ల వరస నుంచి ఒక గొంతు అడిగింది. శాంతయ్య తాత కూతురు విశ్వాసమ్మ. మిద్దె మీద సున్నం కొట్టే పన్నెండు మంది ఆడవాళ్లకు పాట ఎత్తేది ఆమే.

"గోడ రేపటికి ఆగుతాదిరా గాబ్రియేలూ. ఈ పొద్దు నువ్వు మానుకుంటే రేపు ఇంకొకడు కడ్తాడు. సున్నం ఆగదు."

ఆమె చెప్పేదాకా ఆ మాట నా బుర్రకు తట్టనేలేదు. దూలాల మీద కప్పు పరిచి, దాని మీద ఇటుక ముక్కలు కలిపిన గానుగ సున్నం పోస్తారు. ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ, చెక్క దిమ్మిసలతో మూడు రోజులు ఎడతెగకుండా కొట్టాలి. మధ్యలో ఆపితే కప్పు బీటలు వారుతుంది. తవ్వి పారెయ్యడం తప్ప దారి ఉండదు. అది పాటలు పాడుకునే ఆడవాళ్ల పని, మాది అసలు పని అనుకునేవాళ్లం. సమ్మె చేసేటప్పుడు వాళ్లకు ఒక మాట కూడా చెప్పలేదు. అంత తెలివైనవాళ్లం!

"కప్పు లేకుండా ఐదోది ఎట్ల లేపుతాడు? ఒక దినం కొడ్తాం. రెండో దినం ఆడనే కూర్చుంటాం" అంది విశ్వాసమ్మ.

"ఆ గోడ మీదనా? పడితే?" అన్నాడు తాత.

"ముందు మేమే పడ్తాం నాయనా. కిందుంటే మా మీద పడదా?"

గంగక్క అనే ముసలామె లేచి విశ్వాసమ్మ పక్కకు పోయి నిలబడింది. తర్వాత మిగతా పదిమందీ లేచారు.

బుధవారం సున్నం పోశారు. ఆ రోజంతా పాట ఊరంతా వినిపించింది. గురువారం పొద్దున పాట లేదు. పన్నెండు మందీ దిమ్మిసలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మేము పల్లెంతా మేడ కింద చేరాం.

రెడ్డి రొప్పుతూ పైకెక్కాడు. వెనకే నేనూ ఎక్కాను. "కొట్టండే! సున్నం బిగుసుకుంటాది!"

"బిగుసుకోనీ" అంది విశ్వాసమ్మ. "ఐదోది లేపనని పదిమందిలో చెప్పు. తూర్పు గోడ దించు. అప్పుడు లేస్తాం."

రెడ్డి బద్వేలు మేస్త్రీలను పిలిచి దిమ్మిసలు లాక్కోమన్నాడు. వాళ్ల పెద్ద మారెన్న పైకి వచ్చాడు. విశ్వాసమ్మ లేవలేదు, వేలితో కిందికి, తూర్పు గోడ వైపు చూపించింది. "ఆ పూత గీకి చూడన్నా."

మారెన్న మెట్లు దిగి గీకాడు. పూత పెచ్చులుగా రాలింది. పగులు ఇప్పుడు పిడికిలి పట్టేంత ఉంది. మారెన్న మళ్లీ పైకెక్కి రెడ్డి ముందు నిలబడ్డాడు.

"దీని మీదనా మాతో గోడ కట్టించినావు రెడ్డీ? మేం మనుషులం కాదా?" అన్నాడు. తాపీ కింద పెట్టాడు. అతని మనుషులు ఇరవై మందీ దిగివచ్చి మా పక్కన నిలబడ్డారు.

మధ్యాహ్నానికి పోలీసు లారీ వచ్చింది. విశ్వాసమ్మను జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చారు. అడ్డం పోయిన తాతనూ ఎక్కించారు. లారీ కదులుతుంటే ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను, కోపంతో ఏడ్చాను.

"సున్నం బిగుసుకుని చచ్చింది!" అని పై నుంచి గంగక్క కేక వేసింది. "ఇంక ఎవరి కోసం చూస్తాండారు? ఎక్కండి!"

ఎక్కాం. మా నలభై మంది, బద్వేలు వాళ్లు ఇరవై మంది. సున్నం తవ్వి పారేశాం. దూలాలు దించాం. గోడ పై వరస నుంచి ఒక్కో ఇటుకా ఊడదీసి చేతి నుంచి చేతికి కిందికి అందించాం. విసరలేదు, కింద మా ఇళ్లు ఉన్నాయి.

"నా ఇల్లు! నా ఇల్లు!" అని రెడ్డి గుండెలు బాదుకున్నాడు.

"ఇల్లు నీదే రెడ్డీ. పడేది మా మీద" అంది గంగక్క.

మరునాడు మధ్యాహ్నం పోలీసులు రెండు లారీలతో తిరిగి వచ్చేసరికి నాలుగో అంతస్తుకు తూర్పు గోడ లేదు. పదిహేడు మందిని కట్టి కడపకు తోలారు. అందులో నేనూ, మారెన్నా ఉన్నాం, గంగక్క కూడా ఉంది.

కోర్టు వరండాలో విశ్వాసమ్మ కనపడింది. పెదవి వాచి ఉంది.

"దించినారా?"

"దించినాం."

ఆమె మారెన్న వైపు తిరిగింది.

"బద్వేల్లో కూడా ఒక షావుకారు నాలుగంతస్తులు లేపుతాండాడని విన్నా. ఆడ సున్నం కొట్టే ఆడోళ్లు ఎవరు మారెన్నా?"

"మా ఇంటోళ్లే" అన్నాడు మారెన్న.

"అయితే కబురు పంపు" అంది విశ్వాసమ్మ.