రంగుచుక్కల నేల

చూడవచ్చినవాళ్లలో మూడో గుంపు బయటికి వెళ్లగానే దామోదర్ మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, నేల మీది ఇసుకను చిన్న చీపురుతో చేటలోకి తోశాడు. అమెరికాలోని బాతెల్ ఊరికి అరగంట దూరంలోని ఈ తోటలకు జనం వచ్చేది డేలియా పూల కోసం, జీవితమంతా వాటి బొమ్మలే వేసిన పెద్దాయన కోసం. ఆయన పోయి నలభై ఏళ్లయింది. ఆయన కుంచె నుంచి రాలిన రంగుచుక్కలు మాత్రం ఆయన బొమ్మలు వేసుకున్న ఈ గది చెక్కనేల మీద అలాగే ఉన్నాయి. తోటంతా కంకరదారి. బూట్లకు అంటుకుని వచ్చే ప్రతి రవ్వా ఏదో ఒక చుక్కను గీరుతుంది. ఆ రవ్వలు ఎత్తడమే దామోదర్ ఉద్యోగం.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ పని పోయినప్పుడు ఆరు నెలలకని ఇక్కడ చేరాడు. తొమ్మిదేళ్లయింది. అక్కడ ఎంత చేసినా ఎవరికీ కనబడేది కాదు, ఇక్కడా అంతే. కాకపోతే ఇక్కడ సాయంత్రం నేల చూసుకుంటే హాయిగా ఉండేది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. ఇవాళే ఆఖరి రోజు. అతని స్థానంలో ఎవరినీ పెట్టరట, రేపటి నుంచి గదికి తాళం. అదొక్కటే అతని బాధ.

మధ్యాహ్నం ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చింది. వీపున కాలేజీ బ్యాగు. గడప దగ్గర వంగి షూస్ విప్పి, సాక్సులు అందులో కుక్కి, చూరు కింద గోడవారగా పెట్టి, వట్టికాళ్లతో లోపలికి నడిచింది. దామోదర్ చూస్తూ ఉండిపోయాడు. అతని జేబు మీది పేరు చదివి ఆ అమ్మాయే ఆగింది.

"అంకుల్, మీరు తెలుగా? నేను స్మృతి, మాస్టర్స్ చేస్తున్న. షూస్ ఇడిచేసిన, తప్పా?"

"తప్పేముందమ్మా. ఎవరు విప్పమన్నారు?"

"ఎవరు చెప్పలే. ఆయన బొమ్మలేసిన జాగ కదా అంకుల్, షూస్‌తోని ఎట్ల నడుస్తం?"

దామోదర్‌కు సిగ్గేసింది. ఇంట్లో భార్య శాంతి పెట్టిన షూ రాక్ దాటి ఏనాడూ చెప్పుకాలు పెట్టని మనిషి. డ్యూటీ అంటే బూట్లేననుకుని తొమ్మిదేళ్లూ ఆ చుక్కల మీద బూట్లతోనే తిరిగాడు.

తరువాత వచ్చిన ముసలి దంపతులు ఆ షూస్ చూసి, ఇక్కడి నియమం కాబోలనుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తమవీ విప్పారు. వాళ్లను చూసి వెనకవాళ్లు. మూడింటికల్లా పదిహేను జతలు. స్మృతి తన జత వేసుకుని బస్సుకు వెళ్లిపోయాక కూడా వరస తెగలేదు. చేటలో ఒక్క రవ్వ పడలేదు.

మేనేజరు లిండా వచ్చి చేట చూసింది, నేల చూసింది. రోజూ ఇలాగే విప్పితే తాళమే అక్కర్లేదు, రేపు తెరిచే చూద్దామంది. షూస్ విప్పమని బోర్డు పెడదామంది, వెంటనే తనే నవ్వింది. కాళ్లు తుడుచుకోమనే బోర్డు తలుపు పక్కనే ఉంది, చదివినవాళ్లు లేరు.

అయిదింటికి అందరూ వెళ్లాక దామోదర్ బూట్లూ సాక్సులూ విప్పి లోపలికి వెళ్లాడు. నీలం చుక్క, పక్కనే పసుపు చుక్క, చల్లగా, కాస్త గరుగ్గా పాదాలకు తగిలాయి. అతనికి చాలా సంతోషమేసింది. కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆ తరువాత తాళంచెవీ పేరుబిళ్లా లిండాకు అప్పగించి, సాక్సులు మాత్రం తొడుక్కుని కంకర మీద అడుగులో అడుగు వేసుకుంటూ కారు దాకా నడిచాడు.

చూరు కింద, గడప పక్కనే, మడమలు అరిగిన నల్లబూట్లు, రేపు మొదట వచ్చేవాళ్లకు కనబడేలా, గోడవారగా సర్ది ఉన్నాయి.